సైన్స్ అంటే దూరం పోయేటోళ్ళని సైన్స్ ప్రోగ్రామ్‌కి ఎట్లా రప్పించాలె? సినిమానా, బుర్రకథనా, బొమ్మలాటనా?

దేవరకొండ_పిలగాడు:

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌ల ఒక ల్యాబ్‌ల పీహెచ్‌డీ చేస్తున్న, మాది దేవరకొండ దిక్కు ఊరు. ఏటా ఫిబ్రవరి 28న సైన్స్ డే అని మా క్యాంపస్ గేట్లు అందరికీ తెరుస్తరు, కానీ వచ్చేది ఎవరయ్యా అంటే పెద్ద పెద్ద స్కూళ్ళ బస్సులు, ఐటీ వాళ్ళ పిల్లలు, ఆల్రెడీ ఇంట్ల టెలిస్కోప్ ఉన్న అంకుల్స్. వాళ్ళు రావొద్దని కాదు. కానీ మా గేటు ముంగటనే చాయ్ బండి పెట్టుకున్నాయన ఒక్కసారి గూడ లోపలికి రాలే, రమ్మంటే "మాకేం సమజైతది సార్" అంటడు.

అందుకే ఈసారి మా ఊర్లనే స్కూల్ గ్రౌండ్‌ల తెర కట్టి ఏదన్న చేద్దామనుకుంటున్న. ప్రొజెక్టర్ దొరుకుతది, మైక్ సెట్ దొరుకుతది, పైసలు మాత్రం ఎక్కువ లేవు. మా ఫ్రెండ్ ఏమో తెలుగు డబ్బింగ్ డాక్యుమెంటరీ వేసెయ్ అంటడు, అవి చూసిన, "ఈ అనంత విశ్వంలో..." అని గంభీరమైన గొంతు మొదలుకాంగనే నాకే నిద్రొస్తది, మా పెద్దనాయన ఏం చూస్తడు. బుర్రకథ పెట్టియ్యి అని ఒకరు, తోలుబొమ్మలాట అని ఇంకొకరు. టాపిక్ గూడ తేలలే. నాకు బ్లాక్ హోల్స్ మీద చెయ్యాలని ఉంది, మా అమ్మ మాత్రం చేస్తే నీళ్ళ గురించి చెయ్ బిడ్డా అంటుంది (ఫ్లోరైడ్ బెల్ట్ మాది, బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎక్కువై కాళ్ళు వంకరవోయేటియి, తెలిసే ఉంటది). ఎవరన్న ఇట్లాంటివి చేసినోళ్ళుంటే చెప్పండి, జనానికి క్లాసు పీకినట్టు కాకుండ ఎట్లా చెయ్యాలె?

మాస్టారు_ఫిజిక్స్:

తమ్ముడూ, డాక్యుమెంటరీ జోలికి మాత్రం వెళ్ళకు. నేను గుంటూరు జిల్లాలో జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తా. మా పిల్లలకి సైన్స్ అంటే బోరు, ఫైట్లంటే ప్రాణం, అందుకని నేను ఫైటుతోనే మొదలెడతా. హీరో తంతే రౌడీ గాల్లోకి లేచే బిట్ ఒకటి వేసి, వాడు గాల్లో ఎంతసేపు ఉన్నాడో ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవమంటా. ఒక బిట్‌లో దగ్గర దగ్గర 3 సెకన్లు వచ్చింది. అంటే పైకి ఒకటిన్నర, కిందకి ఒకటిన్నర. ఒకటిన్నర సెకను పాటు పడాలంటే ఎంత ఎత్తు నుంచి పడాలిరా అంటే లెక్క ప్రకారం 11 మీటర్లు, మూడంతస్తుల మేడ! తెర మీద చూస్తే వాడు లేచింది మహా అయితే మీటరూ ఇరవై సెంటీమీటర్లు (రౌడీ ఎత్తు అయిదున్నర అడుగులు అనుకుని స్కేలుతో కొలుస్తాం).

ఇక్కడ వెనక బెంచీలో ఒకడు "సార్ అది స్లో మోషన్ సార్" అని అరుస్తాడు. ప్రతి బ్యాచ్‌లో ఒకడు అరుస్తాడు, నేను కాసుక్కూర్చునేది ఆ అరుపు కోసమే. సరే నాయనా, స్లో అంటే ఎంత స్లో? 1.2 మీటర్లు లేచి పడటానికి నిజంగా పట్టేది ఒక్క సెకను, తెర మీద 3 పట్టింది, సినిమా సెకనుకి 24 ఫ్రేములు ఆడుద్ది, కాబట్టి కెమెరా 72 ఫ్రేముల మీద తీసుండాలి. ఈ మాట వాళ్ళంతట వాళ్ళు తేలిస్తే ఆ రోజు వాళ్ళ మొహాలు చూడాలి. ఇంకో తమాషా ఏంటంటే టీవీ మీద ప్లాస్టిక్ షీట్ అతికించి ఫ్రేము ఫ్రేముకీ రౌడీ నడుం ఎక్కడుందో స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టమంటా. నిజంగా ఎగిరినవాడైతే పైకి పోయే కొద్దీ చుక్కలు దగ్గరవుతాయి, చుక్కలన్నీ సమదూరంలో ఉన్నాయంటే తాడు కట్టి లాగినట్టే. ఇంటికెళ్ళి టీవీ చూస్తూ "అదిగో తాడు" అంటున్నారని అమ్మానాన్నలు నాకు కంప్లైంటు.

మీ ఊళ్ళో కూడా ముందు అందరికీ తెలిసిన సినిమా బిట్ వెయ్యి. సైన్స్ డే అని బ్యానర్ కట్టకు, కడితే సగం మంది రారు.

రెండర్_రాత్రులు:

మాస్టారూ ఆ చుక్కల ఐడియా సూపర్, మేము వీఎఫ్ఎక్స్‌లో చేసే ట్రాకింగ్ కూడా అదే పని అండి, కాకపోతే కంప్యూటర్ చుక్కలు పెడుతుంది.

పిలగాడు బ్రో, బ్లాక్ హోల్ వదలొద్దు. ఇంటర్‌స్టెల్లార్ 2014లో వచ్చింది కదా, దానికి కిప్ థోర్న్ అనే ఫిజిసిస్ట్ సమీకరణాలు ఇస్తే ఎఫెక్ట్స్ టీమ్ వాటితోనే బ్లాక్ హోల్‌ని రెండర్ చేసింది, ఆ పని మీద 2015లో వాళ్ళంతా కలిసి ఒక ఫిజిక్స్ జర్నల్‌లో పేపర్ కూడా వేశారు. అక్కడిదాకా అందరూ చెప్తారు. ఎక్కువ మందికి తెలియంది ఏంటంటే అందులో ఒక చోట కావాలనే తగ్గించారు. చుట్టూ తిరిగే ఆ వెలుగు చక్రంలో మన వైపు వచ్చే పక్క బాగా మెరవాలి, అవతలికి పోయే పక్క మసకబారాలి, అది లెక్కలో వస్తుంది, కానీ ఆడియన్స్ కన్ఫ్యూజ్ అవుతారని సినిమాలో రెండు పక్కలా సమానంగా ఉంచేశారు. తర్వాత 2019 ఏప్రిల్ 10న ఎం87 అనే గెలాక్సీలో ఉన్న బ్లాక్ హోల్ అసలు ఫొటో రిలీజ్ అయితే అందులో రింగు ఒక పక్క ఎక్కువ వెలుగు, ఒక పక్క తక్కువ. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి తేడా ఏంటి అని అడుగు చాలు, అరగంట గడిచిపోద్ది. తప్పు పట్టుకోమంటే మనోళ్ళకి ఉండే హుషారు వేరు.

తందానతాన:

ఒక చిన్న అభ్యంతరం. నేను నాటకాల మనిషిని, బుర్రకథ దళంలో వంతకి ఉన్నా కొన్నేళ్ళు. సైన్స్ వాళ్ళు మా దగ్గరికొచ్చి ఏమడుగుతారంటే "ఈ పాయింట్లు బుర్రకథలో పెట్టివ్వండి". చేతిలో పాంప్లెట్ ఉంటుంది. దాన్నే మేం తందాన తాన అని పాడాలి. పూర్వం కుటుంబ నియంత్రణకీ చిన్న మొత్తాల పొదుపుకీ ఇలాగే పాడించారు, పాడాం, జనం విన్నారు, వేరుశనక్కాయలు తిన్నారు, వెళ్ళిపోయారు. ఎందుకంటే అందులో వాళ్ళ ప్రశ్న లేదు.

బుర్రకథలో ముగ్గురుంటారు. మధ్యలో తంబూరాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు, ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. నాజర్ గారి లాంటి మహానుభావులు కథ చెప్పేటప్పుడు కూడా ఆ ఇద్దరి పని తక్కువేం కాదు. హాస్యగాడు ఊరి తరఫున అడ్డదిడ్డంగా అడుగుతాడు, రాజకీయగాడు ఊళ్ళో ఇవాళ జరుగుతున్న దాన్ని తెచ్చి కథలో దూరుస్తాడు. సైన్స్ ప్రోగ్రాములు ఈ ఇద్దర్నీ ఇంటికి పంపేసి కథకుణ్ణి ఒక్కణ్ణే ఉంచుతాయి. ఇక బుర్రకథ ఎందుకు, మైకు పట్టుకుని నువ్వే చదువుకో.

మీ అమ్మగారు చెప్పిన నీళ్ళ సంగతే తీసుకుందాం. కథకుడు ఫ్లోరైడ్ లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పు అని రాగం తీస్తాడు. వెంటనే హాస్యగాడు "ఓస్, మరగబెట్టి తాగితే పోదా ఏంటి?" అనాలి. ఊళ్ళో సగం మంది నమ్మేది అదే. అప్పుడు కథకుడు వాడి చేతే స్టేజి మీద ఉప్పునీళ్ళు పొయ్యి మీద పెట్టించాలి, కథ సాగుతూ ఉంటుంది, గిన్నె మరుగుతూ ఉంటుంది, ఆఖర్న ముందు వరస వాళ్ళకి చల్లార్చి రుచి చూపించాలి. ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు పోలేదు సరికదా ఇంకా చిక్కబడింది, ఫ్లోరైడూ అంతే. తర్వాత రాజకీయగాడు లేచి మన జిల్లా పేరు పెట్టుకున్న పద్ధతే ఒకటుంది, నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన నల్గొండ టెక్నిక్, పటికా సున్నం బ్లీచింగ్ పౌడరూ వేసి కలిపి తేర్చడమే, మరి అది ఇంటింటికీ ఎందుకు నిలవలేదు అని నిలదియ్యాలి. రోజూ మందులు కలపాలి, అడుగున దిగిన మడ్డి ఎక్కడ పారబొయ్యాలి, ఇవన్నీ రావాలి. సైన్స్ గెలిచిన చోటే కాదు, ఇరుక్కున్న చోటు కూడా కథలో ఉంటేనే ఊరు నమ్ముతుంది.

దేవరకొండ_పిలగాడు:

తందాన అన్నా, ఆ పొయ్యి మీద గిన్నె మస్తుంది. ఒక్కటే భయం, ఇప్పుడు మాకు మిషన్ భగీరథ నల్లా నీళ్ళొస్తున్నయి, చిన్నపిల్లలకు ఆ బాధ ఏందో తెల్వది, కానీ కాళ్ళు వంకరవోయిన పెద్దోళ్ళు ఇంకా ఉన్నరు. వాళ్ళ ముంగట స్టేజీ మీద జోకులెయ్యాల్నంటే నాకు మనసొప్పుతలేదు. ఇంతకుముందు గూడ కెమెరాలు ఎన్నోసార్లు వచ్చి వాళ్ళ కాళ్ళ ఫొటోలు తీస్కొని పోయినయి.

తందానతాన:

కరెక్టే తమ్ముడూ. అందుకే జోకు మనిషి మీద కాదు, మరగబెడితే పోతుందనే ధీమా మీద. కాళ్ళు చూపించొద్దు, అసలు ఫొటోలే వద్దు. వాళ్ళలో ఎవరికైనా మాట్లాడాలని ఉంటే ముందే వెళ్ళి అడుగు, ఒప్పుకుంటే కథ మధ్యలో ఆయన్నే మాట్లాడనియ్యి, కథకుడు పక్కకి జరగాలి.

అనంత_సీమ:

మాది ధర్మవరం పక్క. నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు మాకు దగ్గరే, దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది గదా, ఆ ఊరే. పోయిన 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టినప్పుడు మేం కొందరం కలిసి ఒక ఆట పెట్టినాం, దాంట్లో నాకు తెలిసొచ్చింది చెప్తా, ఎందుకంటే సైన్స్‌కి బొమ్మలాట "వాడుకోవడం" అనే మాటే తప్పని నాకనిపిస్తాది. ఆ ఆటే నీడల సైన్సు సామీ.

తెర వెనక బల్బు (ముందు కాలంలో ఆముదం దీపాలు), మధ్యలో బొమ్మ. బొమ్మని తెరకి ఆనిస్తే గీసినట్టు నీడ, దీపం వైపు వెనక్కి లాగితే నీడ పెద్దదై చుట్టూ మసక. గ్రహణంలో చిక్కటి నీడ, పల్చటి నీడ అని పుస్తకాల్లో బొమ్మలేసి చంపుతారే, అదంతా ఆటగాడి చేతికి చిన్నప్పట్నించీ తెలుసు. మేం చేసిందల్లా ఏమిరా అంటే ఆయప్పని తెర ముందుకి తీసుకొచ్చి "ఇది ఎట్లా చేస్తావు పెద్దాయనా, చూపించు" అనడమే. కాలేజీ లెక్చరర్ ఒకాయన పక్కన నిలబడి చూస్తా ఉండిపోయినాడు.

ఇంక బొమ్మలాటలో నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్క ఉండారు గదా. పోలిగాడు "చంద్రుణ్ణి రాహువు మింగినాడే, మళ్ళీ ఎట్లా బయటికొచ్చినాడు?" అంటాడు. బంగారక్క "ఓరి తిక్కోడా, రాహువుకి ఉండేది తలకాయే, గొంతు కింద ఏమీ లేదు, ఇట్ల మింగితే అట్ల జారిపోడా!" జనం ఒకటే నవ్వు. పురాణాన్ని ఎవురూ తిట్టలేదు చూడండి, దాంట్లోంచే నవ్వు తీసినారు. తిట్టింటే ముసలోళ్ళు లేచి పోయుండేవాళ్ళు.

అసలు మజా తర్వాత. చంద్రుడు నల్లగా కాకుండా ఎర్రగా ఎందుకయినాడు? పోలిగాడు "నీడంటే నల్లగా ఉండల్ల గదా" అని అడ్డం పడినాడు. ఆటగాడు ఏమీ చెప్పలేదు, ఎర్రరంగేసిన తోలుబొమ్మని తెరకి ఆనించినాడు. తోలు గుండా వెలుతురు వస్తాది, నీడ ఎర్రగా పడినాది. అట్లే భూమి చుట్టూ గాలి పొర ఉంటాది, సూర్యుని వెలుతురు దాంట్లోంచి వంగి పోయేటప్పుడు నీలం చెదిరిపోయి ఎరుపు మిగిలి చంద్రుని మీద పడతాది. తోలులో రంగు ఉండేదానికి, గాలిలో చెదిరేదానికి తేడా ఉందని లెక్చరర్ సారు తర్వాత వివరంగా చెప్పినాడు, మంచిదే. రాత్రి 11 గంటలకి చంద్రుడు పూర్తిగా మునిగినాడు, 12:22 దాకా ఉన్నాడు, తెర దించేసి అందరం మైదానంలోనే కూర్చుని చూసినాం. అన్నం తిన్నోళ్ళూ ఉన్నారు, తిననోళ్ళూ ఉన్నారు, ఎవుర్నీ బలవంతం చెయ్యలేదు.

జొన్నరొట్టె:

ఇదంతా బాగుంది గని ఒక ముచ్చట. అందరు ఊరోళ్ళకి చూపిచ్చుడు గురించే మాట్లాడుతున్రు, ఊరోళ్ళు తీసుడు గురించి ఒక్కరన్న అన్లే. మా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్ళు, బడికి పోనోళ్ళు, పొలం పని చేస్కునేటోళ్ళు, కెమెరాలు పట్టి ఎన్నో ఏండ్లయింది. 2008ల సంఘం రేడియో గూడ పెట్టుకున్నరు. వాళ్ళు కెమెరా యాంగిళ్ళకి పెట్టుకున్న పేర్లు నాకు మస్తు ఇష్టం, ఒకరు మీద ఒకరు కింద ఉన్నట్టు కనవడేది పటేల్ షాట్, కండ్లల్ల కండ్లు పెట్టి సమానంగ తీసేది సంఘం షాట్. సైన్స్ సినిమాలు ఎక్కువ పటేల్ షాట్లే ఉంటయ్ మరి.

2002ల బీటీ పత్తికి (పురుగు తట్టుకునేటట్టు జన్యువు మార్చిన పత్తి) పర్మిషన్ వచ్చినంక వీళ్ళు వరంగల్ దిక్కు పోయి, అవే చేన్లకి సీజన్ పొడుగునా మళ్ళ మళ్ళ పోయి, రైతు ఏమంటున్నడో మొక్క ఎట్లున్నదో తీసిన్రు. మీ ఊర్ల గూడ పిల్లలకు ఫోన్ ఇచ్చి ఊర్ల బోర్లన్నీ తిరిగి తీయమను, ఏ బోరు నీళ్ళు తాగేటోళ్ళు, ఎప్పుడు మానేసిన్రు, అవ్వలు తాతలు ఏం చెప్తరు. అది తెర మీద వేస్తే ఊరంత వస్తది, ఎవరి మొఖం వాళ్ళు చూస్కోనీకన్న వస్తది.

రెండర్_రాత్రులు:

అక్కా, ఆ బీటీ సినిమా గురించి ఒక మాట. ఆ సంస్థ ముందు నుంచీ జీఎం (జన్యువు మార్చిన) విత్తనాలకి వ్యతిరేకం. ఎంచుకున్న రైతులెవరు, పక్క చేలో మామూలు పత్తి ఎలా పండింది, ఇవి లేకపోతే అది సైన్స్ ఎలా అవుతుంది, ప్రచారం అవుతుంది కదా?

జొన్నరొట్టె:

తమ్మీ, విత్తనం కంపెనీల ప్రచార వ్యాన్లు ఊరూరు తిరిగి సినిమాలేస్తయి, అప్పుడు గూడ గిదే అడుగు. వాళ్ళు ఒక పక్కన నిలవడ్డరు, దాసిపెట్టలే. పోనీ నువ్వన్న ప్రశ్నే తెర దించినంక జనాన్ని అడుగు: ఈ సినిమాను నమ్మాల్నంటే ఇంకా ఏమేం సూపియ్యాలె? అని. రైతులకి పక్క చేను గురించి నువ్వు నేర్పేదేం లేదు, వాళ్ళే చెప్తరు.

రెండర్_రాత్రులు:

సినిమా మీద నా డౌట్ అలాగే ఉంది, కానీ ఆ ప్రశ్న మాత్రం బాగుంది. ఒప్పుకుంటున్నా.

పాత_రేడియో:

పిల్లలూ, మీరు పుట్టక ముందు మాట. 1975 ఆగస్టు నుంచి ఒక ఏడాది పాటు నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్ళకి టీవీ ప్రోగ్రాములు వేశారు, సైట్ అనేవాళ్ళు. మన వైపు కర్నూలు, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో ఊళ్ళని ఎంచుకున్నారు. మా ఊరు వాటిలో ఒకటి. బడి మీద కోళ్ళ గూటి జాలీతో చేసిన పెద్ద గొడుగు, వరండాలో టీవీ. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లలకి సైన్సు. మొదట్లో వరండా పట్టేది కాదు, పోను పోను పలచబడింది. ఎప్పుడు నిండేదంటే మా హెడ్మాస్టరు గారు టీవీ పక్కన కూర్చున్న రోజు. ప్రోగ్రాం అవ్వగానే ఆయన "వాడు చెప్పింది మన ఎర్రనేలకి పనికొస్తుందా?" అని ఒక పుల్ల వేసేవారు, ఇక రాత్రి దాకా రచ్చే. టీవీకి ఎదురు ప్రశ్న వెయ్యలేం కదా, ఆ లోటు ఆయన తీర్చేవారు.

కాబట్టి నాయనా, ప్రొజెక్టర్ ఎవరిదైనా తెచ్చుకో, తెర పక్కన కూర్చునే మనిషి మాత్రం మీ ఊరివాడై ఉండాలి. నువ్వు కాదు, నువ్వు ఇప్పుడు హైదరాబాద్ వాడివి.

దేవరకొండ_పిలగాడు:

పెద్దాయనా, ఆ లాస్ట్ లైన్ గుచ్చుకుంది గని నిజమే 😅

సరే ఇట్లా అనుకుంటున్న. బ్లాక్ హోల్ పక్కన పెట్టిన (బ్రో, సారీ, ఆ రెండు బొమ్మలు స్కూల్ పిల్లలకు పగటిపూట చూపిస్త). రాత్రి ముందుగాల ఒక ఫైట్ బిట్, అది జనాన్ని కూసోబెట్టనీకి. తర్వాత పిల్లలు తీసిన బోర్ల వీడియో. మధ్యల పొయ్యి మీద గిన్నె. పక్కన కూసోనీకి మా ఊరి రిటైర్డ్ వాటర్‌మ్యాన్ ఉన్నడు, ఊర్ల ప్రతి పైపు తెలుసాయనకు, నోరు గూడ పెద్దది. బుర్రకథ దళానికి పైసలు చాలవు, కానీ మా బతుకమ్మ పాటల అత్తలు ఉన్నరు, హాస్యగాడి పని వాళ్ళల్ల ఒకామె చేస్తదేమో అడగాలె.

తందానతాన:

బ్రహ్మాండం. ఆవిడకి డైలాగులు రాసివ్వొద్దు. గిన్నెలో ఏం జరుగుతుందో ముందే చెప్పొద్దు కూడా, నిజంగా ఆవిడకి తెలియకుండానే అడగనియ్యి.

మాస్టారు_ఫిజిక్స్:

టైమ్ చూసుకో తమ్ముడూ, సీరియళ్ళు అయ్యే దాకా ఆడవాళ్ళు రారు. పిల్లలకి పరీక్షల సీజను కూడా, రెండు గంటలు దాటనివ్వకు.

అనంత_సీమ:

ఇంకోటి. 2026 ఫిబ్రవరి 28 శనివారం. సరిగ్గా మూడు రోజులకి, మార్చి 3న మళ్ళీ చంద్రగ్రహణం ఉంది. మనకి పూర్తి గ్రహణం కనపడదు, అది సాయంత్రం 5:33కే అయిపోతాది, చంద్రుడు ఇంకా లేచి ఉండడు. కానీ 6:20 ప్రాంతంలో లేచేటప్పుడే ఒక పక్క కొరికినట్టు లేస్తాడు, 6:47కి నీడ వదిలేస్తాది. ఆ అరగంటే. శనివారం తెర మీద బల్బు, గుండ్రటి అట్టముక్కతో నీడ చూపించి "మంగళవారం ఇట్లే వస్తాడు, మీరే చూసుకోండి" అని వదిలెయ్. చెప్పినట్టు వస్తే ఇంక నువ్వు ఏమీ చెప్పనక్కర్లేదు. కాకపోతే తూర్పు దిక్కు ఖాళీగా ఉండల్ల, చంద్రుడు చాచిన చేతికి మూడు వేళ్ళ ఎత్తు కూడా దాటడు ఆ టైముకి.

దేవరకొండ_పిలగాడు:

అన్నా ఇది అస్సలు తెల్వదు నాకు, థాంక్స్! కానీ మా స్కూల్ గ్రౌండ్‌కి తూర్పున గుట్ట అడ్డముంది. చెరువు కట్ట మీదికి పోవాలె, లేకుంటే వాటర్‌మ్యాన్ తాతని అడిగి ట్యాంక్ మీదికి పిల్లలని నలుగురు నలుగుర్ని ఎక్కించాలె. గ్రహణం టైమ్‌ల మా అమ్మ ఎట్లాగూ బయటికి రాదు, ఆమెకి వీడియో కాల్ పెడ్త.

జొన్నరొట్టె:

ట్యాంక్ మీదికి పిల్లలని ఎక్కియ్యకు, కట్ట మీదికి తీస్కపో. అమ్మకి గూడ కాల్ ఎందుకు, మీ ఇంటి తూర్పు కిటికీ ఏ దిక్కుందో చూడు ముందుగాల.